ఒక్క పాదంలో ఉండిపోయిన దస్తగిరి

ఆదోనిలో పరుపులు కుట్టే దస్తగిరి, ఆర్నెల్ల కిందట చనిపోయిన ఖవ్వాలీ గాయకుడు జలాల్ సాహెబ్ పాటలోని ఒక్క పాదంలో ఉండిపోయాడు. ఆ పాదం మోగుతున్నంతసేపూ బతికి ఉంటాడు, ఆగితే ఊపిరి ఆగిపోతుంది. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. కరెంటు ఆఫీసువాళ్లు ఆ వీధికి కోతలు ఎత్తేశారు. ఇంటింటి సర్వేకి వచ్చినాయన వృత్తి అన్న చోట ‘హాల్‌లో ఉన్నాడు’ అని రాసుకుని పక్కింటికి వెళ్లాడు.

దర్గాలో ఖవ్వాలీ వింటూ వింటూ ఒంటి మీద తెలివి తప్పి దేవుడి దగ్గరికి వెళ్లిపోవడాన్ని హాల్ అంటారు. ఏ పాదం దగ్గర మనిషి వెళ్లిపోయాడో, తిరిగి వచ్చేదాకా ఆ పాదాన్నే పాడుతూ ఉండాలి. మధ్యలో ఆపితే దారి తెగి మనిషి దక్కడు. ఖవ్వాలులకి ఇది తాతల నాటి నియమం. ఉరుసు రోజున జలాల్ సాహెబ్ “తలుపు తీసే ఉంది, నువ్వే రాలేదు” అని ఎత్తుకోగానే, చొక్కాకి దూది నలుసులతో వెనక వరసలో కూర్చున్న దస్తగిరి రెండు చేతులూ పైకెత్తి వెళ్లిపోయాడు. సాహెబ్ నియమం తప్పే మనిషి కాదు. డెబ్బై దాటిన వయసులో ఆ ఒక్క పాదాన్నే పాడి పాడి, తెల్లారేసరికి హార్మోనియం మీదికి ఒరిగి కన్నుమూశాడు. అదృష్టం కొద్దీ ఒక ఆడియో కంపెనీ అదంతా రికార్డు చేసింది. శవాన్ని పక్కకి జరపకముందే స్పీకర్లో సాహెబ్ గొంతు అందుకుంది. దస్తగిరి చేతులు దించలేదు.

దస్తగిరి భార్య కాశింబీ ఆ రికార్డుని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకుంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకుని ఊగుతుంటే, పక్కన కూర్చుని గంజి తాగించేది. ఆయన చేసే పని ఆగిపోయిందన్న దిగులు పెద్దగా లేదు. ఫోము పరుపులు వచ్చాక దూది ఏకించుకునేవాళ్లు ఎటూ లేరు. ఆమెకి కావలసింది ఒక్కటే. ఆయన కళ్లు తెరిచి, ఎప్పటిలాగా “కాశీ, నీళ్లు తే” అనాలి. దేవుణ్ణి అంతకుమించి ఏమీ అడగలేదు.

ఇంతలో కంపెనీవాళ్లు సాహెబ్ మరణానంతర ఆల్బమ్ తెస్తున్నామని ప్రకటించారు. బతికుండగా ఆయన పాడిన పద్దెనిమిది క్యాసెట్లను పట్టించుకున్నవాడు లేడు. పోయాక మాత్రం ఆ గొంతులో ఏదో ఉందని అందరికీ వినిపించింది. బయట ఇంకో కాపీ ఉంటే ఆల్బమ్ విలువ పడిపోతుందని కంపెనీ మేనేజరు నిరంజన్ స్వయంగా వచ్చి పెన్‌డ్రైవ్ అడిగాడు. మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మం బయటే విప్పాడు.

“ఇంక మీరు ఫోన్లోనే వినొచ్చమ్మా. మా యాప్‌లో పెట్టేశాం, ఉచితం. కాకపోతే ఆ లైను మరీ ఎక్కువసార్లు ఉంది. వినేవాళ్లు దాటేసి వెళ్లిపోతున్నారు. మూడుసార్లకి తగ్గించాం” అన్నాడు.

“మూడు తూర్లకి ఆయప్ప రాడు సార్” అంది కాశింబీ.

“మళ్లీ మళ్లీ పెట్టుకోండి. ఎవరు వద్దన్నారు?” అని పెన్‌డ్రైవ్ తీసుకుని జేబులో వేసుకున్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా. యాప్‌లో పాదం మూడుసార్లు మోగేది, తర్వాత ఒక ప్రకటన వచ్చేది, మళ్లీ పాదం. ప్రకటన నడిచినంతసేపూ దస్తగిరి ఊపిరి తీసేవాడు కాదు. పెదాలు నల్లబడేవి. కాశింబీ ఆయన చెయ్యి పట్టుకుని, అదెప్పుడు అయిపోతుందా అని ఫోను వైపే చూసేది. డబ్బు కట్టేవాళ్లకి ప్రకటనలు రావట. కట్టడానికి కాశింబీ దగ్గర లేదు. కంపెనీకి ఫోను చేస్తే ఒక అమ్మాయి ఎంతో ఓపిగ్గా విని, చిన్న ప్రకటనలే వచ్చేలా చూస్తామంది. అన్నట్టే చేశారు కూడా. చిన్నవే వచ్చాయి, కాకపోతే వెంటవెంటనే వచ్చాయి. ఆమెకి నిద్ర లేకుండా పోయింది. పాట ఆగిపోతే మళ్లీ నొక్కడానికి ఇంట్లో ఇంకో మనిషి లేడు.

ఎవరింట్లో ఏ వస్తువు గురించి మాట్లాడుకుంటారో ఆ వస్తువు ప్రకటనలే ఆ ఇంటికి వస్తాయంటారు. దస్తగిరి ఇంటికి ఫోము పరుపుల ప్రకటన వచ్చింది. ఒక ఆడగొంతు గోముగా, “ఇంకెన్నాళ్లు ఆ గడ్డల పరుపు మీద? హాయిగా వాలిపోండి” అంది. కాశింబీ చేతిలోని చెయ్యి కదిలింది. దస్తగిరి గుండెలనిండా ఊపిరి పీల్చుకుని, కళ్లు తెరిచి, చేతులు దించాడు.

“ఆ పరుపు యాడ దొరుకుతాది?” అన్నాడు.

ఊరంతా వచ్చి చూసి పోయింది. కంపెనీవాళ్లు ఆల్బమ్ మీద ‘మనిషిని నిద్ర లేపిన గానం’ అని అచ్చేసుకున్నారు. కరెంటు కోతలు మళ్లీ మొదలయ్యాయి. దస్తగిరి తాత తండ్రుల నాటి దూదేకే విల్లు అమ్మేసి ఫోము పరుపుల షోరూములో పనికి కుదిరాడు. మంచి పనివాడని పేరొచ్చింది. దర్గా గురించి ఎత్తితే, “యా దర్గా?” అనేవాడు. ఒకరోజు కాశింబీ ఆ పాదం పెట్టి చూసింది. ఆయన బస్సు కోసం నిలబడ్డవాడిలా విని, ప్రకటన రాగానే ఫోను దగ్గరికి జరిగి కూర్చున్నాడు. ఆమెని కాశీ అని ఒక్కసారీ పిలవలేదు. కావాల్సింది చేత్తో చూపించేవాడు. రాకపోతే బాగుండేదని ఆమెకి అనిపించింది, అలా అనిపించినందుకు ఏడ్చింది.

దర్గాకి వెళ్లి, అక్కడి సమాధిని చూసుకునే ముజావర్ గౌస్ మియాకి చెప్పుకుంది.

“ఆయప్ప రాలేదు సాబ్.”

“కండ్లు తెరిచినాడు కదమ్మా?”

“తెరిచినాడు.”

“కూడు తింటాండాడా?”

“తింటాండాడు. పనికి గూడా పోతాండాడు.”

గౌస్ మియా సమాధి మీద పూలు సర్దడం ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. “ఇంగేం కావల్ల? ఈ ఊర్లో ఎవురు మటుకు ఇంతకన్నా ఎక్కువ వచ్చినారమ్మా?” అన్నాడు. ఎగతాళికి అనలేదు. మళ్లీ పూలు సర్దుకోసాగాడు.

కాశింబీ ఇంటికి వచ్చేసరికి షోరూమువాళ్లు జీతంలో కోసుకునే పద్ధతి మీద పంపిన కొత్త పరుపు గదినిండా పరిచి ఉంది. దస్తగిరి ఒక పక్కగా జరిగి, రెండోవైపు చేత్తో తట్టి చూపించాడు. ఆమె పడుకుంది. అంత మెత్తటిది ఆమె ఒంటికి ఎన్నడూ తగల్లేదు. ఆయన్ని ఏదో అడగాలనుకుంది. అదేమిటో గుర్తు తెచ్చుకుంటుండగానే, పది నెలల తర్వాత మొదటిసారి, హాయిగా నిద్ర పట్టేసింది.