ఆగనంటున్న ఇంజను

పొద్దున్నే ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఇంజను పరీక్ష చూస్తాడు, సంతకం పెడతాడు. మధ్యాహ్నానికల్లా క్లినిక్‌కి వెళ్ళి ఎప్పటిలాగే పళ్ళు పీక్కోవచ్చు. పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం ఇంతే. సెలవులన్నీ ధారపోసి, పెరటి షెడ్డులో సొంత చేతులతో కట్టుకున్న చిన్న విమానం ఆయనది. సంతకం పడితే ఎగురుతుంది. పడకపోతే కోళ్ళగూటిగా పనికొస్తుంది.

చిక్కంతా ఇంజనుతోనే. నిప్పురవ్వ పుట్టాలన్నా, పెట్రోలు పంపు తిరగాలన్నా దానికి కరెంటు కావాలి. గాల్లో ఉండగా బ్యాటరీ చచ్చిందంటే ఇంజనూ చస్తుంది. అందుకే అసలు బ్యాటరీ కాక, అవసరానికి ఆదుకునేందుకు ఇంకొకటి బిగించాడు. అసలుది ఆపేసినా రెండోదాని మీద ఇంజను నడవాలి. ఇవాళ్టి పరీక్ష అదే.

అయితే డాక్టరుది పుట్టు అనుమానం. నొప్పి ఎడమవైపని రోగి మొత్తుకుంటున్నా కుడివైపు కూడా తట్టి చూసే రకం. ఈ వారం ఆ అనుమానమంతా భార్య మీదికి మళ్ళింది. ఆవిడకి విమానమంటే గిట్టదు. "గాల్లో ఆగిపోతే దిగి తోసుకొస్తారా?" అని ఎప్పుడో అడిగింది. అలాంటి మనిషి కొన్నాళ్ళుగా నోరెత్తడం లేదు. పైగా నిన్న గేటు దగ్గర ఎలక్ట్రీషియనుతో గుసగుసలు. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఇద్దరూ ఫ్యాను రిపేరు గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఇంట్లో ఫ్యాన్లన్నీ శుభ్రంగా తిరుగుతున్నాయి.

మామగారి వాలకమూ బాగాలేదు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, కూతురి దగ్గరే ఉంటున్నాడు. వీధి చివరికి కూడా స్కూటరు మీదే వెళ్ళే పెద్దమనిషి రెండు రోజులుగా పాలకి నడిచి వెళ్తున్నాడు. అడిగితే, "వ్యాయామం అల్లుడూ," అంటాడు. కళ్ళు మాత్రం కలపడు.

తండ్రీకూతుళ్ళు కూడబలుక్కున్నారని డాక్టరు తేల్చేసుకున్నాడు. పరీక్ష మధ్యలో ఎవరైనా పెట్రోలు వాల్వు తిప్పేస్తే ఇంజను ఆగిపోతుంది, పరువూ పోతుంది. అందుకని వాల్వు తెరిచిపెట్టి, దానికి తాళం వేశాడు. తాళంచెవిని ఇంట్లో పెడితే ఇంకేమైనా ఉందా? క్లినిక్‌లో బీరువా మీదుండే ప్లాస్టరు దవడల మధ్య దాచొచ్చాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. విమానం తోకని షెడ్డు స్తంభానికి తాడుతో కట్టించి, చక్రాలకి అడ్డు పెట్టించి, "కానివ్వండి డాక్టరుగారూ," అన్నాడు. ఇంజను గర్జించింది. వరండాలో భార్యా, మామగారూ పక్కపక్కనే నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నారు. డాక్టరు ఓరకంట అది కూడా గమనించాడు.

"అసలుది ఆపండి!"

ఆపాడు. ఇంజను నడుస్తూనే ఉంది. డాక్టరు ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడు రెండోది కూడా ఆపండి. నిజంగా దాని మీదే నడుస్తోందో లేదో తేలిపోతుంది."

ఆపాడు. ఇంజను నడుస్తూనే ఉంది.

ఇన్‌స్పెక్టరు మొహం గంభీరమైంది. "ఆపమన్నాను కదండీ!"

"ఆపేశానండీ! అదే ఆగట్లేదు!"

"అయితే పెట్రోలు కట్టేయండి!"

"దానికి తాళం వేశానండీ. తాళంచెవి క్లినిక్‌లో, దవడల్లో ఉంది."

"ఎవరి దవడల్లో?"

జవాబు చెప్పే తీరిక లేదు. ఇంజను ముందు తిరిగే రెక్కల గాలికి పక్కింటి దండెం మీది దుప్పట్లు లేచిపోయాయి, వాటి వెనకే ఇన్‌స్పెక్టరు టోపీ కూడా. "మావయ్యా! స్కూటరు తీయండి! క్లినిక్‌కి పరుగెత్తండి!" అని డాక్టరు కేకేశాడు.

మామగారు కదల్లేదు. "స్కూటరు లేవదు అల్లుడూ."

"ఏమైంది?"

"దాని బ్యాటరీ నీ సీటు కింద ఉంది. ఉన్న రెండూ పోతే ఎలాగని నేనే కలిపాను. బస్సు తోలినవాణ్ణి, వైరింగు నాకూ వచ్చు."

డాక్టరు సీటు కింద చెయ్యి పెట్టి తడిమి, తీగ పీకేశాడు. ఇంజను నడుస్తూనే ఉంది. ఆయన నెమ్మదిగా తలతిప్పి భార్య వైపు చూశాడు.

"నావైపు అలా చూడకండి," అందావిడ. "ఎలక్ట్రీషియను చేత నేనూ ఒకటి పెట్టించాను. తోకలో. మీ కంటపడితే పీకేస్తారని పైన రేకు వేసి బిగించేశాడు."

ఇక చేయగలిగిందేమీ లేక, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా అందరూ చెవులు మూసుకుని నిలబడ్డారు. డాక్టరుకి తల కొట్టేసినట్టయింది. వారమంతా భార్య చేతిలో కత్తెర ఊహించుకున్నాడు. ఆ చెయ్యి తీగలు తెంపించలేదు, కలిపించింది. ఆ మాట ఆవిడతో చెప్పాలనిపించింది కానీ ఆ మోతలో చెప్పలేకపోయాడు.

చివరికి ఇంజను దగ్గి, ఆగింది. ఇన్‌స్పెక్టరు చెదిరిన జుట్టు సర్దుకున్నాడు. "నా ఉద్యోగంలో ఆగిపోయిన ఇంజన్లని ఫెయిల్ చేశాను కానీ, ఆగని ఇంజన్ని చూడలేదు. నాలుగు బ్యాటరీల బరువుతో ఇది ఎగరాలంటే మీరు దిగిపోవాలి. రెండు తీసేయండి, సంతకం పెడతాను."

మామగారి బ్యాటరీ స్కూటరుకి వెళ్ళిపోయింది. డాక్టరు ఒక్క క్షణం ఆలోచించి, తాను బిగించిన రెండో బ్యాటరీని ఊడదీసి భార్య ముందు పెట్టాడు. "పెట్రోలు అయిపోయేదాకా ఇంజన్ని నడిపింది నీదొక్కటే. నీదే ఉంచుతాను. నాకు దానిమీదే నమ్మకం."

ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే చిన్నవయ్యాయి. "అంటే, మీరు పెట్టినదాని మీద మీకే నమ్మకం లేకుండా ఇన్నాళ్ళూ ఎగురుతానని కూర్చున్నారన్నమాట!"

ఇన్‌స్పెక్టరు గబగబా సంతకం గీకేసి, టోపీ కోసం కూడా వెతక్కుండా వెళ్ళిపోయాడు.