కానీగారి వ్యాఖ్యానం

సకల జనులకు తెలియజేయడమేమనగా, మా ఊరి గుర్రప్పందాల మైదానంలో పెద్దాయన ఈ ఏడాది కూడా కిందటేటికన్నా వేగంగా పరిగెత్తారు. ఆయన పోయి చాలా కాలమైంది గనుక ఈ ఘనత మరింత గొప్పదని పూర్వవైభవ పరిరక్షణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

పెద్దాయన అంటే గుర్రం. గుర్రమే అయినా మేం 'అది' అనం. గడ్డి మేసేదని కూడా అనం, స్వీకరించేవారని అంటాం. ఆ రోజుల్లో మైదానమంతా బురద, జాకీ భారీ మనిషి, గాలి ఎప్పుడు చూసినా ఎదురుగాలి. కాబట్టి వారి పరుగు సమయంలోంచి ఏటా ఒక సెకను గౌరవ తగ్గింపు ఇవ్వాలని సంఘం నియమం పెట్టుకుంది. ఇలాగే సాగితే మన మనవల కాలానికి పెద్దాయన బయల్దేరకముందే గమ్యం చేరిపోతారు కదా అని, గడియారాలు బాగుచేసే సభ్యుడొకడు సందేహం వెలిబుచ్చాడు. మహానుభావులకు అదేమంత కష్టం కాదని అధ్యక్షులవారు సెలవిచ్చారు. సభ్యుడు కూర్చున్నాడు.

ఈ నియమం ప్రతిపాదించిన మేధావి, మైదానంలో మైకు పట్టుకునే వ్యాఖ్యాతగారు. వారి అసలు పేరు ఇంట్లోవాళ్లకే చప్పున గుర్తు రాదు, ఊరంతా కానీగారనే అంటారు. ఎవర్ని మెచ్చుకోబోయినా వారి నోట 'కానీ' వచ్చి కూర్చుంటుంది. కుర్రాడొకడు పరుగుపందెం గెలిస్తే, "బాగానే పరిగెత్తాడు, కానీ వీడికి బూట్లున్నాయి. ఆ రోజుల్లో వాళ్లకి బూట్లేవీ? వెనకాల కుక్కలుండేవి" అన్నారు. కుస్తీలో ఒకడు ఎదుటివాణ్ణి ఎత్తి పడేస్తే, "పడేశాడు, కానీ పడ్డవాడు కూడా ఈ కాలంవాడేగా" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. మేమూ ఈ కాలంవాళ్లమే గనుక కాస్త నీరసంగా కొట్టాం.

పెద్దాయన పరుగును కానీగారు కళ్లారా చూశారు. పసితనంలో తండ్రి భుజాల మీద కూర్చుని ఉండగా, ముందున్న పెద్దమనిషి గొడుగు పక్కకు జరిగినప్పుడు ఒక తోక కనబడింది. ఆ తోక మీద వారు ఇన్నేళ్లూ ఉపన్యసించారు. అది పెద్దాయనదేనా, లేక వెనకబడ్డ మరో గుర్రానిదా అన్న అనుమానం స్నానం చేసేటప్పుడు అప్పుడప్పుడూ వచ్చేది. వెంటనే నెత్తిన ఇంకో చెంబు పోసుకునేవారు.

చిక్కేమిటంటే, వారి ఒక్కగానొక్క కూతురు జాకీ. నల్లది అనే ఆడగుర్రం మీద స్వారీ చేస్తుంది. కొరడా ముట్టదు. మెడ మీదికి వంగి, చెవిలో "కానీ... కానీవే తల్లీ, కానీ!" అంటుంది. అంతే, నల్లదానికి పూనకం వచ్చేస్తుంది. తండ్రి నోట కళ్లెం, కూతురి నోట హుషారు, మాట మాత్రం ఒక్కటే.

గెలిచిన ప్రతిసారీ ఆ పిల్ల బురద మొహంతోనే వంటింట్లోకి వచ్చి నిలబడేది.

"ఎలా పరిగెత్తించాను నాన్నా?"

"బాగానే పరిగెత్తించావు, కానీ..."

"చాల్లే నాన్నా."

"పూర్తిగా వినవే! పెద్దాయన మలుపు తిరిగే తీరు ఉందీ..."

"నువ్వు చూశావా ఆ మలుపు?"

"గొడుగు అడ్డొచ్చిందమ్మా."

తల్లి పొయ్యి దగ్గర్నించే అందుకుంది. "నువ్వేం బాధపడకే. పెళ్లికి ముందు మీ నాన్నగారు నన్ను చూసి 'అమ్మాయి బాగానే ఉంది, కానీ' అన్నారు. ఆ మాట ఎక్కడ తేలుతుందా అని నేనింకా చూస్తూనే ఉన్నాను."

ఎప్పుడూ నవ్వే పిల్ల ఈసారి నవ్వలేదు. "పెద్దపందెం వస్తోంది నాన్నా. అది అయ్యాక ఒక్కసారి 'కానీ' లేకుండా బాగుందని చెప్పు. చెప్పలేవా, ఇక గుర్రం ఎక్కను. ఎవరికోసం ఎక్కుతున్నాననుకున్నావు?"

కూతురంటే కానీగారికి ప్రాణం. బాగుందని ఊరుకుంటే పిల్ల అక్కడే ఆగిపోతుందని భయం. ఆ భయాన్నే ఇన్నేళ్లూ ప్రేమ అనుకుంటూ వడ్డించారు.

పెద్దపందెం రోజు వచ్చింది. చివరి మలుపు దగ్గర నల్లది వెనకబడింది. ముందు గుర్రాలు చిమ్మిన బురద నోట్లో పడి పిల్లకు మాట పెగల్లేదు. కానీగారు మైకులో అలవాటు కొద్దీ "నల్లది బాగానే వస్తోంది, కానీ..." అన్నారు. మైదానం నాలుగు మూలల్నించీ మైకులు "కానీ... కానీ..." అని మోగాయి. నల్లది చెవులు నిక్కించింది. "కానీ అలిసిపోయింది! కానీ పెద్దాయనైతేనా! కానీ..." వారు చిన్నబుచ్చినకొద్దీ అది రెచ్చిపోయింది. అందరినీ దాటింది. గౌరవ తగ్గింపులన్నీ పోగా మిగిలిన పెద్దాయన సమయాన్ని కూడా దాటేసింది.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఈ విజయానికి మూలకారణం వ్యాఖ్యాతగారి ప్రోత్సాహమేనని తేల్చి, సన్మానం వారికే చేయాలని నిర్ణయించింది. అమ్మాయీ గుర్రమూ వేదిక పక్కన నిలబడవచ్చునని పెద్దమనసుతో అనుమతించింది.

వేదిక మీద పెద్దాయన నిలువెత్తు బొమ్మ పెట్టారు. అధ్యక్షులవారు దానికి నమస్కరించి ఉపన్యాసం అందుకున్నారు. "నేటి గుర్రాలు పరిగెడుతున్నాయి. నేను కాదనను! అయితే మహాజనులారా, పరిగెత్తితే వేగంగా కనబడడం ఏం గొప్ప? పెద్దాయన నిలబడితేనే వేగంగా కనబడేవారు!" చప్పట్లకు టెంటు కదిలింది.

తరవాత కానీగారు లేచారు. కూతురు నల్లదాని మీద కూర్చుని వారివంకే చూస్తోంది. బురద కడుక్కున్న ఆ మొహం బడికెళ్లే రోజుల్లోలాగే ఉంది. వారు మైకు పట్టుకున్నారు.

"మా అమ్మాయి... బాగా పరిగెత్తించింది."

మైకు బల్ల మీద పెట్టేశారు. తన్నుకొస్తున్న 'కానీ'ని రెండు చేతులా నోరు మూసుకుని మింగారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల మొహం వెలిగిపోయింది. వెనక వరసలో తల్లి చెంగుతో కళ్లొత్తుకుంది.

మాకు మాత్రం ఊపిరాడలేదు. ఎక్కడైనా మాట అలా సగంలో వదిలేస్తారా? కాసేపు మర్యాదగా ఎదురుచూశాం. ఆఖరికి అధ్యక్షులవారు, గడియారాల సభ్యుడు, మేమందరం ఒక్క గొంతుతో అడిగాం.

"కానీ?"

ఇంకేముంది! నల్లది ఒక్క దూకు దూకింది. పెద్దాయన బొమ్మ పడి ముక్కలైంది, టెంటు చిరిగింది. పిల్ల నవ్వు మాత్రం చాలాదూరం వినిపించింది. అంత వేగం మేం ఎన్నడూ ఎరగం. ఎవరి దగ్గరా స్టాప్‌వాచ్ లేదు. ముందు వరసవాళ్లు లేచి అడ్డంగా నిలబడడంతో మాకు కనిపించింది తోక చివర ఒక్కటే.

ఆ తోక గురించి మా పిల్లలకు చెప్పడం ఇప్పటికే మొదలుపెట్టాం. వాళ్లు ఆటల్లో గెలిచి ఇంటికొచ్చినప్పుడల్లా చెబుతున్నాం.

కథ బాగానే ఉంది, కానీ వెనకటి వ్యంగ్యం వేరు అని మీరు అనబోతున్నారని తెలుసు. మొహమాటపడకండి, ఆ 'కానీ' మాత్రం కాస్త గట్టిగా అనండి. నల్లది ఎక్కడున్నా ఇంకొంచెం ముందుకు పోతుంది.