సమాప్తం తర్వాత వచ్చిన మనిషి

ఆదివారం పొద్దున ఉపేందర్‌రావు అనుకున్న పనులు పెద్దవేమీ కావు. గడ్డం గీసుకోవాలి, సర్వపిండి తినాలి, సాయంత్రం చెప్పబోయే ఉపన్యాసాన్ని అద్దం ముందు ఒకసారి చదువుకోవాలి, మధ్యాహ్నం హుజూరాబాద్ నుంచి వచ్చే అక్కను బస్టాండు నుంచి ఇంటికి తెచ్చుకోవాలి. వీటిలో గడ్డం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

ఆయన కరీంనగర్‌లో చరిత్ర లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. చరిత్ర వినేవాళ్లు దొరకడం మానేశాక సినిమాల మీద పడ్డాడు. ఊళ్లో సినిమాలు చూసే సంఘం ఒకటి ఉంది. మళ్లీ చూడదగ్గ పాత తమిళ సినిమాలను ఎంచి, వాటి గొప్పతనం వివరించే పని ఆ నెల ఆయనకు అప్పజెప్పారు. సినిమా వేయకముందే ఆయన ఎంత వివరంగా చెప్పేవాడంటే, తీరా బొమ్మ మొదలయ్యేసరికి జనానికి రెండోసారి చూస్తున్నట్టు ఉండేది. తనకు అన్నిటికంటే ఇష్టమైన సినిమాను ఆయన చివరి ఆదివారానికి దాచుకున్నాడు. దాని అసలు పేరు ఇంట్లో ఎవరూ వాడరు, అందరూ మిషిన్ సినిమా అనే అంటారు.

ఆ ఇష్టానికి కారణం ఉంది. ఉపేందర్‌రావు ఇంటర్ చదివే రోజుల్లో అక్క తారాబాయి భర్త పోయాడు. పెళ్లయి రెండేళ్లు కూడా కాలేదు. ఆమె హుజూరాబాద్‌లో పుట్టింటికి తిరిగొచ్చి వెనక గదిలో కూర్చుంది. సరిగా తినదు, ఎవరితోనూ మాట్లాడదు. కంటి డాక్టరుకు చూపిస్తానని బాపుకు చెప్పి, తమ్ముడు ఒకరోజు ఆమెను టాకీసుకు తీసుకుపోయాడు. అక్కడ ఆడుతున్నది తెలుగు మాటలు అతికించిన తమిళ సినిమా. అందులో భర్త వ్యాపారానికని ఓడెక్కి పోతాడు. ఆ వెంటనే ఇంట్లో ఏడుపులు. ఇల్లాలు నగలమ్మి కుట్టుమిషిన్ కొంటుంది, పిల్లల్ని పెంచుతుంది, బజారులో దుకాణం పెడుతుంది. తెర మీద సమాప్తం అని పడింది. జనం లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉండగా బొమ్మ మళ్లీ మొదలైంది. తలుపు తెరుచుకుంది. పోయాడనుకున్న భర్త చేతిలో పెట్టెతో నిలబడి ఉన్నాడు. టాకీసంతా ఈలలు. ఉపేందర్‌రావు ఏడ్చేశాడు. పక్కకు చూస్తే అక్క కూడా కళ్లు తుడుచుకుంటోంది.

కొన్నాళ్లకే తారాబాయి తనకూ ఒక కుట్టుమిషిన్ కావాలని బాపును అడిగింది. ఆ మిషిన్‌తోనే హుజూరాబాద్ బజారులో దుకాణం పెట్టి, పది మందికి పని నేర్పి, పేరు తెచ్చుకుంది. పోయిన మనిషి ఏదో ఒకనాడు తలుపు తీసుకుని వస్తాడన్న ఆశే ఆమెను నిలబెట్టిందని తమ్ముడు గట్టిగా నమ్మాడు. నమ్మి ఊరుకోలేదు, వ్యాసం రాశాడు. సమాప్తం అని చెప్పాక కూడా కథను నడిపిన ధైర్యం మరే దర్శకుడికీ లేదన్నాడు. భర్త తిరిగొచ్చిన ఇంట్లో కుట్టుమిషిన్ కనిపించకపోవడం ఒక ప్రతీక అన్నాడు. ఇల్లాలి తెల్లజుట్టు ఉన్నట్టుండి నల్లబడటం ఆశకు చిహ్నమన్నాడు. చివర్లో భర్త దగ్గుతూ ఉండగా బొమ్మ ఠక్కున ఆగిపోవడం గురించే ఒక పేజీ రాశాడు. ఆ వ్యాసం రెండు సంకలనాల్లో వచ్చింది.

ఆ ఆదివారం పొద్దున ఆయన కూతురు భూమిక ఆ సినిమాను లాప్‌టాప్‌లో పెట్టి చూస్తోంది. పెళ్లి వీడియోలు కూర్చడం ఆమె పని. సంఘం వాళ్లు పంపిన అసలు తమిళ ప్రతిలో శబ్దం సరిగా ఉందో లేదో చూడమని తండ్రే చెప్పాడు. సినిమా చివరికొచ్చాక ఉపేందర్‌రావు సర్వపిండి పళ్లెంతో వచ్చి పక్కన కూర్చుని, సమాప్తం పడ్డాక కూడా కదలకుండా తెర వైపే చూస్తున్నాడు.

"అయిపోయింది బాపు," అంది భూమిక.

"గదేంది, ఆయన రావాలె గదా."

"నడుమనే వచ్చిండు గదా. ఓడ దిగి వచ్చిండు, దగ్గిండు, జరమొచ్చి సచ్చిపోయిండు. తర్వాతనే ఆమె మిషిన్ కొన్నది."

సర్వపిండి చల్లారిపోయింది. ఆయనకు యాభై ఏళ్ల కిందటి టాకీసు గుర్తుకొచ్చింది. అప్పట్లో జమ్మికుంటకూ హుజూరాబాద్‌కూ కలిపి ఒకటే ప్రతి. అక్కడ ఆడిన రీళ్ల డబ్బాలు మోటారు సైకిలు మీద ఇక్కడికి వచ్చేవి. ఆ రోజు సినిమా మధ్యలో బయట మోటారు సైకిలు ఆగిన చప్పుడు కూడా ఆయనకు వినిపించింది. ఒక డబ్బా ఆలస్యంగా వచ్చింది. టికెట్టు కొన్న జనానికి ఒక రీలు ఎగ్గొట్టడం న్యాయం కాదనుకున్న ఆపరేటర్ దాన్ని చివర్లో వేసేశాడు. అంతే సంగతి. ప్రతీకలూ చిహ్నాలూ అన్నీ ఆ మోటారు సైకిలు పుణ్యమే.

వ్యాసం గురించి ఆయన కాసేపు బాధపడ్డాడు. ఆ తర్వాత అక్క గుర్తొచ్చి, వ్యాసాన్ని మరిచిపోయాడు. సాయంత్రం అక్క ముందు వరుసలో కూర్చుంటుంది. ఆ మనిషి మధ్యలో వచ్చి పోయినా, సమాప్తం తర్వాత మళ్లీ వస్తాడని చూస్తుంది. అప్పుడు లైట్లు వేస్తారు. డెబ్బై దాటిన అక్క కళ్ల ముందు ఆ ఆశ చచ్చిపోవడం ఆయన చూడలేడు. ఆ సినిమా ఆమె కంట పడకూడదు.

మొదట సంఘం కార్యదర్శి సదానందానికి ఫోన్ చేసి, ప్రతి చెడిపోయింది, వేరే సినిమా వేద్దామన్నాడు. సదానందం ఎదుటివాళ్ల కష్టాన్ని తన కష్టం చేసుకుని, ఆపైన ఊరందరి కష్టం చేసే మనిషి. మీరు పరేషాన్ కాకండి, హైదరాబాద్ నుంచి మంచి ప్రతి నేను తెప్పిస్తానని మాటిచ్చి, సార్ పొద్దున్నుంచీ ఆ సినిమా కోసం తల్లడిల్లిపోతున్నాడని సంఘం వాట్సాప్‌లో పెట్టేశాడు. రావడం కుదరదన్న వాళ్లు కూడా వస్తామని జవాబిచ్చారు.

తర్వాత ఉపేందర్‌రావు అక్కకు ఫోన్ చేశాడు. ఎండ బాగా ఉంది, తనకు ఒంట్లో బాగా లేదు, కార్యక్రమం జరిగేలా లేదు, బయల్దేరవద్దని చెప్పాడు. అందులో ఒంట్లో బాగా లేదన్న ముక్క ఒక్కటే ఆమెకు వినబడింది. మధ్యాహ్నం బస్సుకు రావాల్సిన మనిషి, వెంటనే దొరికిన బస్సెక్కింది. దారిలో మరదలు కోమలకు ఫోన్ చేసి తమ్ముడికి ఏమైందని అడిగింది. కోమల అప్పుడు గుడిలో ఉంది. భర్తకు ఏమీ కాలేదనే ఆమెకు తెలుసు గాని, ఇప్పుడు ఆ ధైర్యం పోయింది. పక్కనే ఉన్న సదానందం భార్యతో ఆ మాట చెప్పుకుంది. ప్రతి చెడిపోయిందన్న దిగులుతో సార్‌కు గుండెలో ఏదో అయిందని సదానందానికి అర్థమైపోయింది.

పన్నెండు కాకముందే ఇల్లు నిండిపోయింది. వచ్చిన ప్రతి ఒక్కరూ కొబ్బరిబోండాలు తెచ్చారు. నాకేం కాలేదని ఉపేందర్‌రావు అన్నకొద్దీ ఆయన నిబ్బరాన్ని మెచ్చుకున్నారు. డాక్టరైన పాత శిష్యుడొకడు వచ్చి బీపీ చూశాడు. అప్పటికది నిజంగానే పెరిగి ఉంది. ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. సార్‌కు ఎప్పుడైనా సన్మానం చేద్దామనుకున్నాం కదా, ఇంకా ఆలస్యం చేయడం మంచిది కాదు, ఈ సాయంత్రమే చేసేద్దామని సదానందం వరండాలో అన్నాడు. మెల్లగానే అన్నాడు గాని, కిటికీ తెరిచి ఉంది.

జనం పలచబడ్డాక ఉపేందర్‌రావు కూతుర్ని పిలిచి, ఆ భర్త తిరిగొచ్చే ముక్కను మధ్యలోంచి తీసి సమాప్తం తర్వాత అతికించమన్నాడు.

భూమిక తండ్రి ముఖంలోకి చూసింది. "అత్తమ్మకు ఉన్నదున్నట్టు చెప్తె ఏమైతది బాపు?"

"యాభై ఏండ్ల సంది ఎదురుచూస్తున్న మనిషికి, ఆయన రాడని నేనెట్ల చెప్పాలె బిడ్డా."

భూమిక లాప్‌టాప్ తెచ్చుకుని తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని పని ముగించింది. పెన్‌డ్రైవ్‌ను ఆమే తీసుకుపోయి సదానందం చేతికిచ్చింది. అప్పటికి ఉపేందర్‌రావుకు కాస్త ఊపిరాడింది.

తారాబాయి శొంఠి కషాయం సీసాతో దిగింది. తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, ఉపన్యాసం కాగితాలు లాక్కుని మడిచి సంచిలో పెట్టుకుంది. మాట్లాడటానికి వీల్లేదంది. సినిమాకు మాత్రం ఇద్దరూ పోదామంది, ఇంత దూరం వచ్చింది అందుకే కదా అంది.

సాయంత్రం హాలులో కుర్చీలు చాల్లేదు. ఉపేందర్‌రావును మెట్లెక్కనివ్వకుండా ఇద్దరు మోసుకొచ్చి ముందు వరుసలో అక్క పక్కన కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. ముగ్గురు మాట్లాడారు, ముగ్గురూ ఆయన గురించి 'ఉండేవారు', 'చెప్పేవారు' అంటూనే మాట్లాడారు. చివరికి దీపాలు ఆర్పి బొమ్మ వేశారు.

సగం సినిమా అయ్యేసరికి తెర మీద తలుపు తెరుచుకుంది. భర్త పెట్టెతో నిలబడి ఉన్నాడు. ఇది భూమిక కూర్చిన ప్రతి కాదని ఉపేందర్‌రావుకు అర్థమైంది. ఇంటి నుంచి వచ్చిన ప్రతి చెడిపోయిందని పొద్దున ఆయనే కదా చెప్పాడు. అందుకే సదానందం ఆ పెన్‌డ్రైవ్‌ను భద్రంగా జేబులో వేసుకుని, హైదరాబాద్ నుంచి తెప్పించిన ప్రతి పెట్టాడు.

ఆపండని చెప్పడానికి ఉపేందర్‌రావు లేచాడు. జారుతున్న శాలువాను పట్టుకోవడానికి ఛాతీ మీద చెయ్యేశాడు. అంతే, నాలుగు దిక్కుల నుంచీ మనుషులు ఉరికొచ్చారు. ఒకరు నీళ్లు తాగించారు, ఒకరు ఆహ్వానపత్రంతో విసిరారు, డాక్టరు శిష్యుడు నాడి పట్టుకున్నాడు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా మాట్లాడకండి సార్ అన్నారు.

"కూసో తమ్మీ. నన్ను బొమ్మ చూడనియ్యి," అంది తారాబాయి, తెర మీంచి చూపు తిప్పకుండా.

తెర మీద భర్త దగ్గాడు, మంచం పట్టాడు, పోయాడు. ఇల్లాలు నగలమ్మింది. మిషిన్ ఇంట్లోకి వచ్చింది. ఏళ్లు గడిచాయి, జుట్టు నెరిసింది, బజారులో దుకాణం లేచింది. చీకటి పడిన తెర మీద కూడా కాసేపు మిషిన్ చప్పుడు వినిపించి ఆగింది. సమాప్తం పడింది. ఉపేందర్‌రావు తల వంచుకుని కూర్చున్నాడు. లైట్లు వేశారు. జనం లేచారు. తారాబాయి లేవలేదు, తెర వైపే చూస్తోంది. ఆయన భయం నిజమయ్యేలా ఉంది.

"అక్కా," అన్నాడు చివరికి. "గాయన మల్ల రాడు. గప్పుడు రీలు తప్పి ఏసిండ్రు."

"గట్లనా," అంది ఆమె. "ఇప్పుడు మంచిగున్నది."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె తమ్ముడి వైపు తిరిగి, ఎన్నేళ్లుగానో మనసులో ఉన్న మాట చెప్పింది.

"నాకు గా సినిమాల నచ్చనిది గదొక్కటే, గాయన మల్ల వచ్చుడు. ఆమె కష్టపడి దుకాణం పెట్టుకున్నది. ఈయన ఇంట్ల కాలు పెట్టంగనె మిషిన్ మాయం. ఏడికి పోయిందని ఒక్కలన్న అడగలే. నాకు మస్తు ఏడుపొచ్చింది తమ్మీ."

అక్కాతమ్ముళ్లు ఒకే సీను చూసి, పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. ఎవరి ఏడుపు వాళ్లదని ఒకరికి తెలియడానికి యాభై ఏళ్లు పట్టింది.

"మరి ఎన్నడు చెప్పకపోతివి."

"నువ్వు గంత సంబురంగ చెప్తుంటివి, పుస్తకాలల్ల రాస్తుంటివి. బాపుకు అబద్ధం చెప్పి నన్ను తోల్కపోయినోనివి. నీ మనసు నొప్పిచ్చుడెందుకని ఊకున్న."

అక్కను కాపాడుతున్నానని ఆయన అనుకున్న రోజులన్నిట్లోనూ అక్కే ఆయన్ను కాపాడుతూ వచ్చింది. ఉపేందర్‌రావు ఎన్నడూ అడగని మాట అడిగాడు. "బావ మల్ల రావాలని నీకు లేకుండెనా అక్కా?"

తారాబాయి ఆయన భుజం మీంచి జారిన శాలువాను తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మీ బావ రావాలని రోజూ ఉండె," అంది. "గా సినిమాల మనిషి వస్తె నాకేంది?"

ఉపేందర్‌రావుకు కళ్లు నిండాయి. అది చూసి సదానందం మళ్లీ నీళ్లతో ఉరికొచ్చాడు. ఆ మిషిన్ సంగతి అందరికీ చెప్పమని భూమిక అత్తమ్మను అడిగింది. ఆమె కూర్చున్న చోటునుంచే నాలుగు మాటలు చెప్పింది. హాలులో ఒక్కరూ కదలకుండా విన్నారు.

వచ్చే నెల సినిమాలు ఎంచి రెండు ముక్కలు మాట్లాడే పనిని సంఘం అక్కడికక్కడే తారాబాయికి అప్పగించి, ఉపేందర్‌రావును ఆయన ఆరోగ్యం దృష్ట్యా ఉపన్యాసాల నుంచి శాశ్వతంగా తప్పించింది.