గోడమీద ఎర్ర చీర

మూఢం పోయి పెళ్లి ముహూర్తాలు దగ్గరపడ్డాయి. ఆ ఉదయం హిందూపురం జవళి వ్యాపారి లక్ష్మీనరసయ్య సరుకు తేవడానికి ధర్మవరం బయలుదేరుతూ, బస్టాండు ఎదుటి గోడమీద ప్రకటన రాసే పనిని పెయింటరు లాల్‌సాబ్‌కు అప్పజెప్పాడు. బెంగుళూరులో ఎవరో సంఘసంస్కరణ మాటలతో గుడ్డలమ్మడం చూసొచ్చినప్పటి నుంచి ఆయనకు కాలు నిలవడం లేదు. "వితంతువుకు రంగు చీర ఎందుకు వద్దు?" అని పెద్ద అక్షరాలు, కింద అంగడి పేరు. జనం తిట్టుకున్నా సరే, పేరు నలుగురి నోళ్లలో నానుతుంది. ఇంట్లో తన అక్క సత్యభామ ఇన్నేళ్లుగా ముతక తెల్లచీరలు కడుతోందన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు. దీపం కిందే చీకటి అన్నారు కదా.

"బొమ్మ ఎవురిది ఎయ్యాల సెట్టీ?" అడిగాడు లాల్‌సాబ్.

"ఎవురిదైతే ఏమప్పా, ఆడమనిషి మొగం ఒకటుంటే చాలు."

మర్నాడు పట్టుచీరల మూటతో బస్సులో తిరిగి వస్తుంటే, పెనుకొండలో నారాయణప్ప ఎక్కి పక్కన కూర్చున్నాడు. తాలూకాఫీసు గుమాస్తా, భార్య పోయినవాడు.

"నిన్న హిందూపురంలో మీ గోడ చూస్తి. శానా ధైర్యం చేస్తిరి."

"ఎవురో ఒకరు మొదలుపెట్టాల కదా" అన్నాడు లక్ష్మీనరసయ్య ఉబ్బిపోయి.

"ఆ పనిమీదే వస్తాండా. అంగడి కాడికి రావచ్చునా?"

పెద్ద బేరమైతే పట్టుచీరలు ఇంట్లో చాపమీద పరిచి చూపడం వర్తకుల అలవాటు. అందులోనూ చీర ఎంచడంలో సత్యభామ చెయ్యి తిరిగినది. "అంగడెందుకు, ఇంటికే రాండి. మా అక్క చూసి సరే అంటే ఇంక తిరుగులేదు."

నారాయణప్ప కళ్లు చెమర్చాయి. చీర కొనేవాడికి కన్నీళ్లెందుకని లక్ష్మీనరసయ్యకు అనుమానం రావలసింది. రాలేదు.

ఇద్దరూ బస్సు దిగారు. గోడమీద ఎర్ర పట్టుచీర కట్టి, నుదుట కుంకుమతో, తలలో కనకాంబరాలతో సత్యభామ నవ్వుతోంది. చుట్టూ జనం. లాల్‌సాబ్ నిచ్చెన మీద నిలబడి అక్షరాలు దిద్దుతున్నాడు.

"ఏమబ్బా, మా అక్కను ఎందుకేస్తివి?"

"ఇంత మాట రాపిస్తాండావంటే మీ ఇంట్లోనే మొదలైందనుకుంటి సెట్టీ. అక్కను అడిగే ఏస్తి."

"సున్నం కొట్టెయ్."

నారాయణప్ప ముఖం వాడిపోయింది. "అంటే, సంబంధం మాట్లాడను ఇంటికి రమ్మన్నది, గోడమీద రాసింది, అంతా ఉత్తదేనా?"

జనమంతా లక్ష్మీనరసయ్య వైపు తిరిగారు. అవునంటే అంగడి పరువు పోతుంది, కాదంటే ఇంటి పరువు పోతుంది. మూట చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు. నారాయణప్ప వెంటే వచ్చాడు.

సత్యభామ గడపలోనే ఉంది. "అది బేరం కోసం రాపించిందక్కా, మన కోసం కాదు" అని గొణిగాడు తమ్ముడు.

"ఊర్లో ఆడోళ్ల బాధ నీ గోడకు పనికొచ్చెనే, ఇంట్లో ఉండేది నీ కంటికి ఆనలేదా నరసయ్యా?" నెమ్మదిగానే అడిగింది ఆమె.

లక్ష్మీనరసయ్యకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. మూట తానే విప్పి, అక్క ముందు పరిచాడు. ఆమె తొందరపడకుండా ఒక్కొక్క చీరా తిరగేసి, ఎర్రది తీసుకుంది.

"పెండ్లి సంగతి నిదానంగా ఆలోచించుకుంటా" అంది నారాయణప్పతో. "కూర్చోండి, కాఫీ తాగి పోదురు."

ఆ ప్రకటన వల్ల అమ్ముడైన చీర అదొక్కటే. అదీ ఇంట్లోనే.