'ఇక ఆగనక్కర్లేదు' పత్రం

లాప్‌టాప్ కొనడానికి మనిషి జీవితంలో సరైన సమయం ఒక్కటే ఉంటుంది. అది వచ్చే నెల.

ఈ సత్యం ప్రజల బుర్రకి ఎక్కడం లేదని ప్రభుత్వం గ్రహించింది. ఎవరికి వాళ్ళు షాపుకి వెళ్ళి కొనేసుకోవడం, కొన్న పదో రోజున ఇంతకంటే వేగమైన ప్రాసెసర్ వచ్చిందని తెలియడం, తిండి మానేసి గోడకేసి చూస్తూ కూర్చోవడం. ఇలా ఏటా కొన్ని లక్షల పనిదినాలు పశ్చాత్తాపం కిందే పోతున్నాయట. (ఈ లెక్క తేల్చడానికి కమిటీకి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళు లెక్కలో చేర్చలేదు.) అందుకని దయతలచి 'సముచిత సమయ నిర్ధారణ కార్యాలయం' తెరిచారు. అక్కణ్ణుంచి 'ఇక ఆగనక్కర్లేదు' అనే ధ్రువపత్రం తెస్తే తప్ప ఏ షాపువాడూ ఎవరికీ లాప్‌టాప్ అమ్మకూడదు.

ఈ సంగతి బొమ్మలక్కకి షాపులో నిలబడ్డాక తెలిసింది.

బొమ్మలక్క అన్నది వీధి వీధంతా పిలిచే పేరు. పన్నెండేళ్ళుగా సబ్బు పెట్టెల మీదా, దగ్గుమందు సీసాల మీదా బొమ్మలు వేస్తోంది. ఆ బొమ్మల కింద ఆవిడ పేరు ఎన్నడూ పడలేదు, దగ్గుమందు పేరే పడింది. అలాంటిది మొదటిసారి ఓ ప్రచురణకర్త పిలిచి, ఏనుగు బడికెళ్ళే కథకి నలభై బొమ్మలు వెయ్యమన్నాడు. అట్ట మీద పేరు వేస్తానన్నాడు. ముప్పయ్యో తారీఖు పొద్దున్న పదింటికల్లా బొమ్మలు తన బల్ల మీద ఉండాలన్నాడు, లేదంటే ఇంకొకరిని చూసుకుంటానన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి, అద్దం ముందు నిలబడి, తన పేరు తనే రెండుసార్లు పైకి చదువుకుంది బొమ్మలక్క.

వచ్చిన చిక్కల్లా ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌తోనే. దాని మూత విరిగి, కుక్కర్‌కి ఆనించితే తప్ప నిలబడదు. స్విచ్చి నొక్కి, బట్టలు ఉతికి, ఆరేసి వచ్చేసరికి 'స్వాగతం' అంటుంది. పైగా ఏ రంగు వేసినా ఆకుపచ్చ చేసేస్తుంది. మచ్చుకి పంపిన బొమ్మ చూసి ప్రచురణకర్త ఫోన్ చేసి, "ఏనుగు పచ్చగా ఉందేంటమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని పరామర్శించాడు.

"పత్రమే కదా, ఓ పూట పని," అని ధైర్యం చెప్పాడు భర్త. అతను ప్రెస్సులో పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. లోకానుభవం తక్కువ.

కార్యాలయం షాపుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల ఉంది. లోపలికి వెళ్ళగానే 'నేటి పుకార్లు' అని పెద్ద నల్లబోర్డు. దాని మీద మూడు గళ్ళు: ధ్రువపడిన పుకార్లు, ధ్రువపడని పుకార్లు, త్వరలో రాబోయే పుకార్లు. ఏ గడిలో ఏ ఒక్క ముక్క ఉన్నా ఆ రోజుకి పత్రాలు ఇవ్వరు. పక్క గోడకి ఫ్రేము కట్టిన ఫోటో ఒకటి ఉంది. ఇంతవరకూ పత్రం పొందిన ఏకైక పౌరుడు ఆయనే. పత్రం జేబులో పెట్టుకుని రోడ్డు దాటుతుంటే, డివైడర్ దగ్గర ఫోన్ మోగి కొత్త ప్రాసెసర్ వార్త వచ్చింది. పత్రం అక్కడికక్కడే చెల్లకుండా పోయింది. (వెనక్కొచ్చి మళ్ళీ క్యూలో చేరాడని కొందరంటారు. ఎటూ తేల్చుకోలేక ఇంకా డివైడర్ మీదే ఉన్నాడని కొందరు.)

ఇరవయ్యో తారీఖున బొమ్మలక్క టోకెన్ తీసుకుంది. టోకెన్‌తో పాటు ఏడో నంబరు ఫారాలు నాలుగిస్తారు. మొదటి ప్రశ్న: 'ఇంతవరకూ ఎన్నాళ్ళు ఆగారు?' రెండోది: 'అన్నాళ్ళు ఆగగలిగినవారు ఇంకొన్నాళ్ళు ఎందుకు ఆగలేరు?' ఫారానికి రెండో పక్క తెల్లగా ఉంటుంది. ఇంతకంటే మంచి ప్రశ్నలు దొరుకుతాయేమోనని అచ్చు వెయ్యకుండా ఆగారు. సాయంత్రం కిటికీ మూసేముందు ఆనాటి ఫారాల మీద 'గడువు తీరింది' అని ముద్ర కొట్టి తిరిగి ఇచ్చేస్తారు. మర్నాడు మళ్ళీ నాలుగు. ఎంత చెడ్డా క్యూలో వరస మాత్రం పోదు.

ఆవిడ వెనక ఓ పెద్దాయన, మడత స్టూలు మీద తాపీగా కూర్చుని ఉన్నాడు.

"మీరెన్నాళ్ళనుంచి వస్తున్నారు బాబాయ్ గారూ?"

"ఆరేళ్ళయిందమ్మా. ఈ క్యూలో ఉండగానే ప్రమోషన్ కూడా వచ్చింది."

"ఆరేళ్ళా! మరి నా వెనక ఉన్నారేంటి?"

"నా వంతు వచ్చేసరికి వెనకాల ఇంకెవరో ఉంటారు కదమ్మా. వాళ్ళని ముందుకి పొమ్మంటాను. మా ఆఫీసులో రూలు అలాంటిది, పబ్లిక్ తరవాతే మేం."

ఏ ఆఫీసని ఆవిడ అడగలేదు. అప్పటికే చేతులు ఊరుకోక, ఫారం వెనక తెల్ల పక్క మీద ఏనుగు తొండం మొదలుపెట్టేసింది. సంచిలో కలర్ పెన్సిళ్ళు ఎప్పుడూ ఉంటాయి. సాయంత్రానికి నాలుగు ఫారాల వెనకా నాలుగు బొమ్మలు తయారయ్యాయి. ఏనుగు నిక్షేపంగా బూడిదరంగులో ఉంది. కథలో హెడ్‌మాస్టరు తాబేలుకి మాత్రం మొహం కుదరక, కిటికీ అవతలి సముచిత సమయాధికారి గారిని కళ్ళజోడుతో సహా దించేసింది.

రోజుకి నాలుగు. పది రోజులు. ఇరవై తొమ్మిదో తారీఖు మధ్యాహ్నానికి నలభయ్యో బొమ్మ పూర్తయింది. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసి, "బంగారంలా ఉన్నాయి తల్లీ," అన్నాడు. పన్నెండేళ్ళలో ఆవిడకి అంత ఆనందం కలిగిన రోజు లేదు.

భర్త ఫోన్ చేశాడు. "అయిపోయాయి కదా, ఇంటికొచ్చెయ్యి. పొద్దున్నే నేను తీసుకెళ్ళి ఇచ్చేసి వస్తా."

"ముందు ఒక్కడే ఉన్నాడండీ."

"ఉంటే? ఇంక నీకు లాప్‌టాప్ ఎందుకు?"

"ఎందుకేంటి? పది రోజులు నిలబడ్డాను. ఇప్పుడొచ్చేస్తే ఎలాగండీ?"

పది రోజులు నిలబడి, ముందు ఒక్కడే మిగిలిన క్యూని వదిలి వెళ్ళడం మనిషి పుట్టుక పుట్టినవాళ్ళకి చేతకాదు. (కార్యాలయం నడుస్తున్నదే ఈ ఆధారం మీద.) పైగా ఆ రోజు పుకార్ల బోర్డు ఖాళీగా ఉంది. సుద్దముక్కలు అయిపోయాయి.

ఆవిడ వంతు వచ్చింది.

"ఏం చేస్తుంటారమ్మా?" అన్నారు అధికారి.

"బొమ్మలు వేస్తానండి."

"రుజువు?"

బొమ్మలక్క మొహం వెలిగిపోయింది. నలభై బొమ్మలూ కిటికీలోంచి అందించింది. ఆయన ఒక్కొక్కటీ శ్రద్ధగా చూశారు. హెడ్‌మాస్టరు తాబేలు దగ్గర చాలాసేపు ఆగి, "ఈయన్నెక్కడో చూశాను," అన్నారు. తరవాత కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇవి ఎక్కడ వేశారు?"

"ఇక్కడేనండి, క్యూలోనే."

"లాప్‌టాప్ లేకుండానా?"

"అస్సలు లేకుండానండి!" అంది గొప్పగా.

ఆయన ఫైలు తెరిచి రాశారు: 'దరఖాస్తుదారుకు లాప్‌టాప్ అవసరం లేదు. రుజువులు నలభై జతపరచడమైనది.' బొమ్మలన్నిటికీ మూల చిల్లు పొడిచి, దారం ఎక్కించి ముడి వేశారు. ఏనుగు చెవిలోంచి వెళ్ళింది దారం.

బొమ్మలక్క కిటికీలోంచి చెయ్యి దూర్చి దారం కొస పట్టుకుంది. "అయ్యో, అవి రేపు పదింటికి ఇవ్వాలి సార్! నా పుస్తకం సార్ అది! పేరు వేస్తానన్నారు!"

"కంగారు పడకమ్మా. ఫారం ప్రభుత్వానిది, వెనక పక్క కూడా ప్రభుత్వానిదే. అయినా మేమేం రాక్షసులం కాదు. స్కాన్ తీసుకుని అసలువి మీకిచ్చేస్తాం. నిమిషం పని."

"అయితే తియ్యండి సార్!"

"స్కానర్ ఉంది. దానికి తగిలించే లాప్‌టాప్ లేదు. దరఖాస్తు పెట్టాం."

"ఎక్కడ పెట్టారు?"

ఆయన కలంతో ఆవిడ భుజం వెనక్కి చూపించారు. పెద్దాయన స్టూలు మడిచి, నాలుగు ఫారాలతో మొహమాటంగా లేచి నిలబడ్డాడు. "ఈ ఆఫీసు తరఫునేనమ్మా."

"మీరే ముందు వెళ్ళండి బాబాయ్ గారూ, మీకు పుణ్యం ఉంటుంది!" అంటూ ఆవిడ పక్కకి జరిగింది. ఆరేళ్ళలో ఆయనకి దారిచ్చిన మొదటి మనిషి. ఆయన కళ్ళు చెమర్చాయి.

రోజూ ఎదురెదురుగా కూర్చుని టీ తాగే తన గుమాస్తాని అధికారి కొత్తవాణ్ణి చూసినట్టు చూశారు. "అవసరానికి రుజువు?"

"నలభై బొమ్మలు స్కాన్ చెయ్యాలి సార్. రేపు పదింటిలోపు."

"భేష్. ఇంత గట్టి కేసు నేనింతవరకూ చూడలేదు." అధికారి సొరుగులోంచి పత్రం తీశారు. దుమ్ము ఊదారు. ముద్ర ఇంకులో అద్దారు.

సరిగ్గా అప్పుడే పుకార్ల విభాగం గుమాస్తా గసపెట్టుకుంటూ వచ్చాడు. చేతిలో కొత్త సుద్దముక్కల పెట్టె ఉంది. బోర్డు దగ్గరికి వెళ్ళి, మూడో గడిలో, ముచ్చటైన దస్తూరీతో ఒక్క వాక్యం రాశాడు.

అధికారి ముద్రని జాగ్రత్తగా డబ్బాలో పెట్టేసి, "ఒక్క నెల ఆగుదాం," అన్నారు.

మర్నాడు, ఎవరి పత్రమూ అడగకుండా, తనకంటే మంచి తారీఖు వస్తుందేమోనని ఆగకుండా, ముప్పయ్యో తారీఖు వచ్చేసింది.