ముప్పైనాలుగో పేజీ

హిందూపురంలో గిరిధర్ అంటే ఎవరికీ తెలియదు. క్రంపు సారు అంటే మాత్రం మార్కెట్లో కొత్తిమీర అమ్మే దాసమ్మ కూడా ఇల్లు చూపిస్తుంది. మార్టిమర్ క్రంప్ అనే ఇంగ్లీషు నవలాకారుడు పోయిన శతాబ్దంలో పుట్టి, అయినవాళ్లనీ కానివాళ్లనీ వెక్కిరించి, ఆ శతాబ్దంలోనే పోయాడు. ఆయన మీద మన గిరిధర్ తొమ్మిదేళ్లుగా వ్యాసాలు రాస్తున్నాడు. డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పడం ఆయన ఉద్యోగం, క్రంప్ గురించి చెప్పడం ఆయన జబ్బు.

ఆ జబ్బుకి ధర్మవరం సాహితీ మిత్రులు ఆదివారం సన్మానం పెట్టారు. శాలువా కప్పేది స్వయానా మామగారు కుళ్లాయప్ప. పట్టుచీరలు నేసి అమ్మే మనిషి, అల్లుడి కోసం శాలువా తన మగ్గం మీదే నేశాడు.

అసలు చిక్కంతా మామగారితోనే. "ఒకరు నేసిన చీర గురించి ఇంగొకరు మాట్లాడితే అదేం పనప్పా" అని, అల్లుడు విమర్శలు రాస్తాడని తెలిసి పెళ్లిలోనే అన్నాడాయన. పన్నెండేళ్లయినా ఆ మాట గిరిధర్ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఈ ఆదివారంతో అది దిగిపోవాలి.

శనివారం పొద్దున అరుణ వంటింట్లోకి వచ్చేసరికి మొగుడు ఉల్లిగడ్డలు కోసే కత్తితో పుస్తకం కోస్తున్నాడు.

"ఏమప్పా, పప్పులోకా?"

"రేపు సభలో పుస్తకం చూపించల్లంట. అంచులు సరిచేస్తాండా."

ఆ పుస్తకం పాతకాలపు అచ్చు. పెద్ద కాగితాలు మడిచి కుట్టి, మడతలు విప్పకుండానే అమ్మిన సరుకు. కొన్నవాడే ఒక్కో మడతా కోసుకుంటూ చదువుకోవాలి. తొమ్మిదేళ్ల కింద గిరిధర్ ముప్పైమూడో పేజీ దాకా కోశాడు. ఆ పేజీ అడుగున కథానాయకుడైన దొరను శవపేటికలో పడుకోబెట్టి మూత వేశారు. హీరోనే పోయాక మిగతా మూడువందల పేజీల్లో ఏముంటుందిలే అని గిరిధర్ కత్తి పక్కన పెట్టి కలం పట్టాడు. దొర చావు మీద నాలుగు వ్యాసాలు రాశాడు. ఆ చావును తలచుకుని అనంతపురం సదస్సులో కళ్లు కూడా తుడుచుకున్నాడు.

అరుణ పుస్తకాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "తొమ్మిదేండ్లుగా చదువుతాండా అంటివే. ఈ మడతల్లోకి తొంగి చూసి చదివినావా?"

"విమర్శకుడికి మొత్తం చదవాల్సిన పని లేదు. అన్నం ఉడికిందా లేదా అని ఒక మెతుకు పట్టి చూస్తాం కదా."

"నువ్వు మెతుకు కూడా పట్టలేదు. మూత చూసి వచ్చేసినావు. ఈరోజంతా సెలవే కదా, కూచోని చదువు. వంట నేను చూసుకుంటా."

"చదివితే మాత్రం కొత్తగా ఏముంటాది? దొర చచ్చిపోయినాడు."

"ముప్పైనాలుగో పేజీ చూసినావా?"

"చూడకుండానే చెప్తా. సంతాప సభ."

అరుణ కత్తి లాక్కుని ఉల్లిగడ్డల దగ్గరికి వెళ్లిపోయింది. గిరిధర్ మాత్రం ఊరుకోలేదు. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో దూర్చి, నాలుగు వైపులా టేపు వేసి, పైన 'అరుదైన ప్రతి, ముట్టుకోరాదు' అని ఎర్ర ఇంకుతో రాశాడు. తన తెలివికి తానే మురిసిపోయి మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం రైల్లో పెనుకొండ దగ్గర సభాధ్యక్షుడు రామప్ప ఎక్కాడు. రిటైరైన హెడ్మాస్టరు. ఎక్కీ ఎక్కగానే చెయ్యి చాచాడు. "ఏదబ్బా, మీ క్రంపు దొరను ఒకసారి ఇట్లియ్యి."

"వద్దు సార్. గాలి తగిలితే పొడైపోతాది."

రామప్ప చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని, ధర్మవరం దాకా ఆ సంచీకి దూరంగానే కూర్చున్నాడు. కిటికీ పక్కన అరుణ ఫోన్లో ఏదో చదువుకుంటూ నవ్వుకుంటోంది. ఆమె పెనుకొండ హైస్కూల్లో లెక్కల టీచరు. రోజూ ఇదే రైల్లో పోయి వస్తూ ఫోన్లో ఏం చదువుతుందో గిరిధర్ ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

సభ బాగా జరిగింది. గిరిధర్ దొర చావును మూడు భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికీ ఒకసారి గొంతు వణికించాడు. ముందు వరసలో ఇద్దరు ముసలమ్మలు కొంగుతో కళ్లొత్తుకున్నారు. మామగారు కూడా తల ఊపాడు. గిరిధర్‌కి కడుపు నిండిపోయింది.

అప్పుడు రామప్ప, పెద్దాయన కుళ్లాయప్ప తన చేతులతో శాలువా, పుస్తకం కలిపి విమర్శకుడికి అందిస్తారన్నాడు.

కుళ్లాయప్ప శాలువా మడతలన్నీ విప్పి, అటూ ఇటూ తిప్పి జనానికి చూపించి, అల్లుడికి కప్పాడు. తర్వాత పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. సరుకు ఏదైనా సరే, విప్పి రెండువైపులా చూపించకుండా ఇంకొకరి చేతికివ్వడం ఆయన వంశంలోనే లేదు. నలభై ఏళ్ల అలవాటు ఎర్ర ఇంకు చూసి ఆగుతుందా? జేబులోంచి దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసి కవరు చించేశాడు.

"మామా, వద్దు" అన్నాడు గిరిధర్. ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది.

పెద్దాయన పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, వేలు పెట్టి చూసి, మైకులోనే అన్నాడు. "అల్లుడా, అంగడోడు నిన్ను మోసం చేసినాడు. ఇది మడత ఇప్పని సరుకు."

సభంతా గిరిధర్ వైపు తిరిగింది.

"నేను... వేరే పుస్తకంలో చదివినా మామా."

"అట్లనా. సరే, దీన్ని కూడా ఇప్పేద్దాం, నీకు పనికొస్తాది." కత్తెర కసుక్కుమంది. "అమ్మీ అరుణా, ఇట్ల రా. దొర పోయినంక ఏమాయనో చదివి చెప్పు. ఆ అవ్వలు ఇంగా ఏడుస్తాండారు."

గిరిధర్ కళ్లతోనే పెళ్లాన్ని బతిమాలుకున్నాడు. ఆమె వచ్చి మైకు అందుకుంది. పుస్తకం మూసే ఉంది.

"ముప్పైనాలుగో పేజీలో దొర మూత తోసి లేచి కూచుంటాడు నాయనా. ఏడుపు చాల్లేదు, మళ్లీ మొదట్నుంచి కానీండి అంటాడు. ఆయప్ప చావలేదు. తన చావుకు ఊరందరితో రిహార్సల్ చేయిస్తాండాడు."

ముందు ముసలమ్మలు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. అరుణ అరగంట సేపు చూడకుండానే కథంతా చెప్పింది. ఏడవడానికి పోటీలు పడ్డ పనివాళ్ల సంగతి, పెట్టె ఇరుకైందని దొర వడ్రంగిని తిట్టడం విని రామప్ప కుర్చీలోంచి జారబోయాడు. గిరిధర్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కానీ వడ్రంగి ఎదురు తిరిగి దొరను కొలతల కోసం నిలబెట్టే చోట ఆయనకీ నవ్వొచ్చేసింది. ఆపుకోలేకపోయాడు.

కుళ్లాయప్ప అల్లుడి భుజం మీంచి శాలువా మెల్లగా తీసి కూతురికి కప్పాడు. "నీకు ఇంగోటి నేస్తాలే అల్లుడా" అన్నాడు చిన్నగా. "ముందు ఇది ముగించు." కత్తెర అల్లుడి చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం తిరుగు రైల్లో గిరిధర్ పెళ్లాం వైపు చూడకుండానే అడిగాడు. "నాకు తెలీకుండా ఎప్పుడు చదివినావు?"

"నీ మొదటి వ్యాసం అచ్చయినప్పుడే. దొర చచ్చిపోయినాడని రాసింటివి కదా, పాపమనిపించి రైల్లో పోతా వస్తా ఫోన్లోనే చదివినా. ఎప్పటికన్నా నువ్వే పేజీ తిప్పుతావులే అని ఊరుకున్యా."

ఆయన మామగారి కత్తెర తీసి ఒక మడత కోశాడు. చదివాడు. ఇంకో మడత కోశాడు. పెనుకొండ వచ్చేసరికి పకపకా నవ్వుతున్నాడు. ఎదుటి సీటాయన పిల్లను దగ్గరికి లాక్కున్నాడు.

కాసేపటికి ఫోన్ మోగింది.

"యాడుండావప్పా?" అరుణ గొంతు.

గిరిధర్ తలెత్తి చూశాడు. పక్క సీటు ఖాళీ. కిటికీ బయట బోర్డు కన్నడంలో ఉంది. "గౌరిబిదనూరులో. హిందూపురంలో దిగేటప్పుడు పిలవకూడదా?"

"రెండుసార్లు పిలిచినా. ఊ అన్యావు, పేజీ తిప్పినావు."

"మరి ఇప్పుడెట్ల?"

"ఏ పేజీలో ఉండావు?"

"నూట పన్నెండు."

"అయితే బెంగుళూరు దాకా పో" అంది అరుణ. "వచ్చేటప్పటికి అయిపోతాది."