గడి దాటిన అక్షరం

ఎదురుగా కూర్చుని చాయ్ ఊదుకుంటున్న ఎల్లస్వామి చనిపోయాడని సంధ్యారాణి కంప్యూటర్ చెప్పింది.

నేత కార్మికుల సంఘంలో ఆ పొద్దున ఆమె చేయాల్సిందల్లా నూలు వచ్చిందని సభ్యులకు మెసేజ్ పంపడమే. తీరా చూస్తే ఎల్లస్వామి పేరు పక్క గడిలో 'మ' అని ఉంది. ఉన్నవారికి 'జ', పోయినవారికి 'మ'. 'మ' పడితే మర్నాడు పొద్దున సభ్యులందరికీ సంతాప సందేశం దానంతటదే వెళ్లే ఏర్పాటు కూడా ఉంది. ఆమె సరిదిద్దేలోపే అది వెళ్లిపోయింది.

ఎల్లస్వామి చాయ్ చల్లారకముందే వాడకట్టులో మగ్గాలు ఆగాయి. వర్ధన్నపేట నుంచి చెల్లెలు బక్కమ్మ ఆటో నిండా చుట్టాలతో ఏడుస్తూ దిగింది. సంఘం గుమ్మంలో అన్న కనబడగానే ముందు కావలించుకుంది, తర్వాత వీపు మీద ఒక్కటి చరిచింది.

"సచ్చినోడివి, ఫోనన్న ఎత్తవద్దా?"

సంఘం అధ్యక్షుడు కైలాసం, ఎల్లస్వామికి స్వయానా అల్లుడు, దవాఖాన నుంచి వచ్చాడు. తండ్రి కబురు విని అతని భార్య కళ్లు తిరిగి పడిపోయింది.

"పాస్‌వర్డ్ నీ దగ్గరనే ఉంటది. నువ్వన్న చేసినవు, కంప్యూటర్ల జొర్రిన చైనావోడన్న చేసిండు. చైనావోనికి ఎల్లస్వామితోని ఏం పని? తాళాలు అక్కడ పెట్టు."

ఇల్లు సంధ్యారాణి జీతం మీదే నడుస్తోంది. నిన్న సాయంత్రం కంప్యూటర్ తెరిచిపెట్టి బస్సుకు పరుగెత్తినందుకు తనను తానే తిట్టుకుంటూ తాళాలు తీసి పెట్టింది.

అంతలో ప్రోగ్రాం రాసిన జీవన్ మడికొండ నుంచి వచ్చి, కాసేపు తెర వంక చూసి తల పట్టుకున్నాడు.

"గిన్నె నిండినంక గూడ పోస్తనే ఉంటె పక్కకు పొర్లుతది గద సర్. ఇంటిపేరు, తండ్రి పేరుతోనే గడి నిండింది. ఆపాల్సిన సాఫ్ట్‌వేర్ ఆపలే. దొంగలు గిసొంటి సందులకెల్లే లోపలికొస్తరు. రిపేరు ఎక్కిస్తనని పోయిన నెలనే చెప్పిన. నడుస్తాంది గద, ముట్టకు అన్నరు మీరు."

ఇంతకూ ఎవరేం కొట్టారని సంధ్యారాణి అడిగింది.

"పేరు చివర 'మామ' అని కొట్టిన్రు. 'మా' పట్టింది. 'మ' పొర్లింది."

సంధ్యారాణి ఎల్లస్వామిని బాబాయి అంటుంది. ఆఫీసులో ఆయనకు అల్లుడి వరస ఒక్కడే. కైలాసం తాళాలు ఆమె ముందుకు జరిపి, గోడ వైపు తిరిగాడు.

"నేనే కొట్టిన. పెండ్లినాటి కొట్లాట మనసుల పెట్టుకొని, గిన్నేండ్లు మొఖం మీద మామ అని పిల్వలే. నిన్న ఆ పేరు ఉత్తగ కనవడితె కలుక్కుమన్నది. నోటికి రాంది చేత్తోనన్న పిలుద్దామనుకున్న. పిల్వక పిల్వక ఒక్కసారి పిలిస్తె, మనిషే పోయిండు."